పనిచేసే చోట మనశ్శాంతి: కుటుంబం చేయగల సహాయం



మీ ఇంటి మనిషికి ఛాతీ పట్టేసినట్టుగా ఉందని కంగారుగా ఆసుపత్రికి తీసుకువచ్చారనుకోండి. ఇ.సి.జి. తీశారు, రక్తపరీక్షలు చేశారు. మీరు గంటల తరబడి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. చివరకు డాక్టరుగారు పిలిచి, "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, గుండెకు ఏమీ లేదు" అన్నారు. మీ మనసు కుదుటపడింది. అంతలో డాక్టరుగారు రోగి వైపు తిరిగి, "డ్యూటీ ఎలా ఉంది? రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగారు. అంతవరకు గంభీరంగా ఉన్న మనిషి తల దించుకుని కళ్లు తుడుచుకున్నాడు. మీరు విస్తుపోయారు. ఇంట్లో ఏ లోటూ లేదు కదా, ఈ కన్నీళ్లు ఎక్కడివి?

ఇటువంటి సన్నివేశం ఆసుపత్రుల్లో అరుదైనది కాదు. ఛాతీ నొప్పి వస్తే ముందుగా గుండె పరీక్షలే చేయించాలి. "టెన్షన్ వల్లే వచ్చిందిలే" అని ఇంట్లోనే తీర్మానించుకోవడం చాలా ప్రమాదం. అయితే పరీక్షలన్నీ అయ్యాక, తలనొప్పి, కడుపులో మంట, నడుము నొప్పి, గుండెదడ, నీరసం వంటి బాధల వెనుక పనిచేసే చోట పడుతున్న బాధ దాగి ఉందని తెలియవచ్చు.

ఈ పాఠంలో మేము మీకు చెప్పదలచినది ఒక్కటే. పనిచేసే చోట తగిలిన దెబ్బ ముందుగా ఇంట్లోనే కనబడుతుంది. ఆఫీసులో పై అధికారి దాన్ని చూడకపోవచ్చు. తోటి ఉద్యోగి గమనించకపోవచ్చు. రోగి తానే ఒప్పుకోకపోవచ్చు. చూడగలిగేది, సమయానికి చెయ్యి అందించగలిగేది మీరే.

1. మానసిక ఆరోగ్యం అంటే ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో ఏర్పడినప్పుడే, ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం మాత్రమే కాదని, శరీరం, మనసు, తోటివారితో సంబంధాలు మూడూ బాగుండటమని నిర్వచించింది. మనసు ఆరోగ్యంగా ఉన్న మనిషికి కష్టాలు రావని అర్థం కాదు. కష్టం వచ్చినప్పుడు తట్టుకోగలడు, తన పని తాను చేసుకోగలడు, నలుగురితో కలిసి ఉండగలడు, అవసరమైతే సహాయం అడగగలడు.

"మానసిక సమస్య" అనగానే మనలో చాలామంది "పిచ్చి" అనే మాటే గుర్తు చేసుకుంటారు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని, ఉద్యోగం పోతుందని, చుట్టుపక్కలవాళ్లు నవ్వుతారని భయపడి దాచిపెడతారు. కాని ఇది ఎంత సాధారణమో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో పనిచేసే వయసులో ఉన్నవారిలో నూటికి 15 మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. డిప్రెషన్, ఆందోళన అనే రెండు సమస్యల వల్లనే ప్రపంచంలో ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు నష్టపోతున్నామని అదే సంస్థ అంచనా. మీ ఇంటి మనిషి ఒంటరివాడు కాదు.

2. పని మందు కూడా, భారం కూడా

పని మనిషికి శత్రువు కాదు. పని వల్ల కూడు దొరుకుతుంది, దానితోపాటు గౌరవం దొరుకుతుంది, రోజుకు ఒక క్రమం ఏర్పడుతుంది, స్నేహితులు దొరుకుతారు. ఉద్యోగం పోయినవారిలో, రిటైరయి ఏమీ తోచకుండా కూర్చున్నవారిలో దిగులు పెరగడం మనం చూస్తూనే ఉన్నాం. మానసిక జబ్బు నుండి కోలుకుంటున్నవారికి కూడా తగిన పని మంచి మందులా పనిచేస్తుంది. కాబట్టి "ఈ ఉద్యోగం మానేస్తే అన్నీ సర్దుకుంటాయి" అనే మాట అన్నివేళలా నిజం కాదు.

మరి ఏ పని మనిషిని కుంగదీస్తుంది? 1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికా పరిశోధకుడు దీనికి ఒక వివరణ ఇచ్చారు. పని ఎక్కువగా ఉండటం ఒక్కటే సమస్య కాదు. పని ఎక్కువగా ఉండి, ఆ పని మీద తనకు ఏ అధికారమూ లేకపోతే మనిషి నలిగిపోతాడు. ఆ పైన అండగా నిలిచేవారు లేకపోతే ఆ భారం ఇంకా పెరుగుతుందని తరువాతి పరిశోధకులు చెప్పారు.

మన చుట్టూ ఉన్నవారిని చూస్తే ఇది అర్థమవుతుంది. బస్సు డ్రైవరు సమయానికి చేరాలి, కాని రోడ్డు మీద ట్రాఫిక్ అతని చేతిలో లేదు. ప్రైవేటు కళాశాల లెక్చరరుకు ర్యాంకులు తెప్పించాలని ఒత్తిడి, కాని ఎవరు ఎంత చదువుతారో ఆయన చేతిలో లేదు. పాలసీలు అమ్మే ఏజెంటుకు నెల టార్గెట్ ఉంటుంది, కాని కొనాలో వద్దో తేల్చేది ఎదుటివారు. వార్డులో నర్సుకు ఒకేసారి నలుగురు రోగులు పిలుస్తారు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పే శక్తి ఆమెకు లేదు. బట్టల షాపులో సేల్స్ గర్ల్ పొద్దుటినుండి రాత్రివరకు నిలబడే ఉండాలి. కూర్చునే హక్కు అనే చిన్న విషయానికే కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం తేవలసి వచ్చిందంటే ఆ బాధ ఎంతటిదో ఊహించండి.

"పెద్ద ఉద్యోగులకే కదా టెన్షన్" అని మనం అనుకుంటాం. లండన్ నగరంలో 1967లో ప్రభుత్వ ఉద్యోగుల మీద మొదలైన ఒక పెద్ద పరిశోధన ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసింది. గుండెజబ్బుతో మరణించినవారు అందరికంటే పైస్థాయి అధికారులలో కంటే అట్టడుగు స్థాయి ఉద్యోగులలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా ఉన్నారు. పొగత్రాగడం వంటి అలవాట్లు ఈ తేడాలో కొంత భాగాన్నే వివరించగలిగాయి. 1985లో మొదలుపెట్టిన రెండవ పరిశోధనలో, తన పని మీద తనకు అధికారం లేకపోవడం కూడా గుండెజబ్బుకు తోడవుతుందని తేలింది. కాబట్టి మీ ఇంట్లో అటెండరుగా, క్లర్కుగా, కూలీగా పనిచేసేవారి బాధను చిన్నచూపు చూడవద్దు.

పనిగంటల సంగతి కూడా తెలుసుకోండి. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి, 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి.

3. ఒత్తిడి శరీరంలో ఏం చేస్తుంది?

వీధిలో కుక్క వెంటపడితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి, పరుగెత్తడానికి బలం వస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు చేసే పని ఇది. దేవుడు మన రక్షణ కోసమే ఈ ఏర్పాటు చేశాడు. కుక్క వెళ్లిపోగానే శరీరం మళ్లీ చల్లబడాలి. కాని కుక్క రోజూ ఆఫీసులో ఎదురవుతూ, రాత్రి సెల్‌ఫోను మెసేజి రూపంలో ఇంటికి కూడా వస్తుంటే శరీరం ఎప్పుడు చల్లబడుతుంది? అలా నెలలు గడిస్తే నిద్ర చెడుతుంది, బి.పి. పెరుగుతుంది, షుగరు అదుపు తప్పుతుంది, ఆకలి మారుతుంది, కోపం పెరుగుతుంది, జ్ఞాపకశక్తి తగ్గుతుంది.

4. గమనించిన మామగారు

పరిశుద్ధ గ్రంథంలో నిర్గమకాండము 18వ అధ్యాయములో ఒక కుటుంబ సంఘటన ఉంది. మోషే ఇశ్రాయేలు ప్రజలందరికీ నాయకుడు. ఆయన మామ యిత్రో, మోషే భార్య సిప్పోరాను, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకుని ఆయనను చూడటానికి అరణ్యానికి వచ్చాడు. మరునాడు మోషే ప్రజలకు న్యాయం తీర్చడానికి కూర్చున్నాడు. ఉదయం నుండి సాయంకాలం వరకు జనం ఆయన చుట్టూ నిలబడే ఉన్నారు. యిత్రో అదంతా చూశాడు. ఇలా చేస్తే నీవూ నలిగిపోతావు, నీ దగ్గరకు వచ్చినవారూ నలిగిపోతారు, ఈ పని నీ ఒక్కడివల్ల కాదు అని చెప్పాడు. నమ్మకమైన మనుషులను ఎన్నుకుని, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులుగా నియమించి, చిన్న తగవులు వారికి అప్పగించి, కష్టమైనవి మాత్రమే నీవు చూడు అని సలహా ఇచ్చాడు. మోషే ఆ మాట విన్నాడు.

గమనించండి. అన్ని వేలమంది మధ్య మోషే అలసటను చూసినవాడు ఇంటివాడే. యిత్రో అల్లుణ్ణి నిందించలేదు. పని మానేసి ఇంటికి రమ్మనలేదు. ముందు ఒక రోజంతా చూశాడు, తరువాత అడిగాడు, ఆ తరువాత చేయగలిగిన మార్గం చెప్పాడు. మన ఇళ్లలో కూడా ఒక యిత్రో అవసరం.

5. ఇంట్లో కనిపించే గుర్తులు

ఈ క్రింది మార్పులు మీ ఇంటి మనిషిలో కొత్తగా వచ్చాయా అని చూడండి.

- ఆదివారం సాయంత్రం నుండే ముఖం మాడిపోవడం, డ్యూటీకి వెళ్లే ముందు కడుపునొప్పి, విరేచనాలు, తలనొప్పి రావడం.
- పడుకున్నా నిద్ర పట్టకపోవడం, లేదా తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర రాకపోవడం.
- ఫోను మోగితే ఉలిక్కిపడటం, లేదా తినేటప్పుడు కూడా ఫోను వదలకపోవడం.
- చిన్న విషయానికి పిల్లల మీద అరవడం, తరువాత తనలో తానే బాధపడటం.
- ఇష్టమైన క్రికెట్టు, పాటలు, స్నేహితులు, చర్చి వేటిమీదా ఆసక్తి లేకపోవడం.
- మద్యం, సిగరెట్టు, గుట్కా పెరగడం.
- పనిలో తప్పులు, డబ్బు లెక్కల్లో పొరపాట్లు, బండి నడుపుతూ పరధ్యానం.
- "నావల్ల ఎవరికీ ఉపయోగం లేదు" వంటి మాటలు.

గల్ఫ్ దేశాలకు వెళ్లినవారి కుటుంబాలకు ఒక మాట. మీరు మనిషిని చూడలేరు, గొంతు మాత్రమే వింటారు. రోజూ మాట్లాడేవాడు వారానికొకసారి మాట్లాడుతున్నా, వీడియో కాల్ వద్దంటున్నా, "బాగానే ఉన్నాను" అని రెండు ముక్కల్లో పెట్టేస్తున్నా గమనించండి. ప్రతి ఫోనులోనూ ముందు డబ్బు సంగతి ఎత్తకండి. "తిన్నావా? నీతో గదిలో ఉండేవాళ్లు మంచివాళ్లేనా? నిద్ర పడుతోందా?" అని అడగండి. అప్పు తీర్చలేదన్న దిగులు ఎడారిలో ఒంటరిగా ఉన్నవాడికి మరీ బరువుగా ఉంటుంది. జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా అక్కడి భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చని అతనికి గుర్తుచేయండి.

6. అలసటా? జబ్బా?

రెండు రోజుల సెలవుతో, నిండా నిద్రతో తగ్గిపోయేది మామూలు అలసట.

నెలల తరబడి ఒత్తిడితో శక్తి అంతా ఉడిగిపోయి, పనిమీద విరక్తి కలిగి, "నేను ఏమీ సాధించలేను" అనిపించే స్థితిని ఇంగ్లీషులో బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో దీన్ని ఒక జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. అంటే దీనికి మనిషినే కాదు, పనిచేసే తీరును కూడా సరిచేయాలి.

డిప్రెషన్ మాత్రం జబ్బే. దిగులు లేదా ఆసక్తి లేకపోవడం రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు మించి ఉండి, దానితో నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిని, తనను తాను నిందించుకుంటుంటే డాక్టరుకు చూపించాలి. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నా, పెళ్లికి వెళ్లినా ఆ దిగులు వదలదు. ఇది సోమరితనం కాదు, విశ్వాసం తక్కువై వచ్చినది కాదు. షుగరు జబ్బు వచ్చినవారిని "విశ్వాసం లేదు" అని అనము కదా!

7. కుటుంబం ఏం చేయాలి?

ఇక్కడ ఏలీయా ప్రవక్త సంగతి మనకు పాఠం. రాజులు మొదటి గ్రంథము 19వ అధ్యాయములో ఆయన గొప్ప పని ముగించి, ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో బదరీవృక్షము క్రింద కూర్చుని, తనకు చావు రావాలని కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. ఆయనను నిద్రపోనిచ్చాడు. దూత ద్వారా రొట్టె, నీళ్లు పంపాడు. ఆయన తిని మళ్లీ నిద్రపోతే, రెండవసారి లేపి మళ్లీ తినమన్నాడు. బలం వచ్చి హోరేబు చేరిన తరువాతనే, ఇక్కడ ఏమి చేస్తున్నావని అడిగి, ఆయన బాధంతా చెప్పుకోనిచ్చాడు. చివరకు చేయవలసిన పని చెప్పి, తోడుగా ఎలీషాను చూపించాడు. ఈ వరుస మనకు కూడా పనికివస్తుంది.

*మొదట నిద్ర, తిండి.* రాత్రి ఫోను పడకగది బయట పెట్టే అలవాటు ఇంట్లో అందరూ చేయండి. అతనొక్కడికే నియమం పెడితే శిక్షలా ఉంటుంది. సాయంత్రం తరువాత కాఫీ, టీ తగ్గించండి. నైట్ డ్యూటీ చేసినవారు పగలు నిద్రపోతుంటే కిటికీలు మూసి గది చీకటి చేయండి. గ్యాస్ బండ వచ్చిందని, చుట్టాలు వచ్చారని లేపవద్దు. "ఒక పెగ్గు వేస్తే నిద్ర పడుతుంది" అనేది మోసం. మద్యం త్వరగా మత్తు తెస్తుంది గాని నడిరాత్రి నిద్రను విరగ్గొడుతుంది, దిగులును పెంచుతుంది.

*తరువాత వినడం.* ఇంటికి రాగానే కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, అత్తగారి మాట ఏకరువు పెట్టవద్దు. ఒక అరగంట ఊపిరి తీసుకోనివ్వండి. తరువాత దగ్గర కూర్చుని అడగండి. భార్య "ఏమండీ, ఈ మధ్య మీరు సరిగా నిద్రపోవడం లేదు. ఆఫీసులో ఏదైనా ఇబ్బందిగా ఉందా?" అని అడగవచ్చు. తండ్రి కొడుకును "నాన్నా, జీతం సంగతి తరువాత. నువ్వెలా ఉన్నావో చెప్పు" అని అడగవచ్చు. ఉద్యోగం చేసి వచ్చిన కోడలిని అత్త "నువ్వు కాసేపు కూర్చోమ్మా, అన్నం నేను వండుతాలే" అంటే, ఆ ఒక్క మాటే సగం వైద్యం. ఆడవారికి ఆఫీసు డ్యూటీ ముగియగానే ఇంటి డ్యూటీ మొదలవుతుందని మరువవద్దు.

చెప్పకూడని మాటలు కూడా ఉన్నాయి. "అందరూ చేయడం లేదా?" "మీ తమ్ముడు చూడు, ఎంత సంపాదిస్తున్నాడో." "మగవాడివి, ఏడుస్తావేంటి?" "ప్రార్థన చెయ్యి, అదే పోతుంది." ప్రార్థన చాలా మంచిది. కాని దానిని నోరు మూయించడానికి వాడవద్దు. పక్కన కూర్చుని కలిసి ప్రార్థించండి, కలిసి డాక్టరు దగ్గరకు కూడా రండి.

*ఆ తరువాత భారం పంచడం.* పెద్ద నిర్ణయాలు, అంటే రాజీనామా, ఊరు మారడం, ఇల్లు అమ్మడం వంటివి దిగులు బాగా ఉన్న రోజుల్లో తీసుకోవద్దు. ఇంటి ఖర్చుల లెక్క అందరూ కూర్చుని చూసుకోండి. చాలామంది "ఈ ఉద్యోగం పోతే నా పిల్లలు రోడ్డున పడతారు" అనే భయంతోనే అన్యాయాన్ని భరిస్తుంటారు. "ఉన్నంతలో సర్దుకుందాం, నీకంటే మాకు ఏదీ ఎక్కువ కాదు" అని కుటుంబమంతా చెప్పగలిగితే ఆ భయం సగం తగ్గుతుంది.

8. పనిచేసే చోట ఏం అడగవచ్చు?

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మీ ఇంటి మనిషి పై అధికారితో మాట్లాడటానికి ముందు ఇంట్లో మీతో ఒకసారి చెప్పి చూసుకోమనండి. "నాకు కష్టంగా ఉంది" అని ఊరుకోకుండా, ఖచ్చితమైన చిన్న కోరిక అడగాలి. వరుసగా నైట్ షిఫ్టులు వేయకుండా మార్చి మార్చి వేయమనవచ్చు. రెండు పనులలో ముందు ఏది కావాలో చెప్పమనవచ్చు. సెలవు రోజున ఫోను చేయవద్దని కోరవచ్చు. కోలుకున్న తరువాత మొదటి రెండు వారాలు తక్కువ గంటలు పనిచేస్తానని డాక్టరు సలహా చీటీతో అడగవచ్చు. నమ్మకమైన ఒక తోటి ఉద్యోగికి విషయం చెప్పుకోమనండి. మధ్యాహ్నం అన్నం కలిసి తినే ఒక మనిషి ఉండటం పెద్ద బలం.

పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులు జరిగితే అది "సర్దుకుపోవలసిన" విషయం కాదు. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే చిన్నచోట్ల పనిచేసేవారు, ఇళ్లలో పనిచేసేవారు కూడా జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా మూడు నెలలలోపు ఫిర్యాదు ఇవ్వాలి. మీ కూతురు గాని, కోడలు గాని ఇటువంటి విషయం చెబితే, "నువ్వే ఉద్యోగం మానేయ్" అనే ముందు "తప్పు నీది కాదమ్మా" అని చెప్పండి.

9. వైద్యం గురించి భయాలు

*"మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా?"* అందరికీ అవసరం లేదు. చాలామంది డాక్టరు చెప్పినన్ని నెలలు వాడి, ఆయన సలహాతో మెల్లగా తగ్గించి మానేస్తారు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సుమారు రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. "పదిరోజులైనా గుణం లేదు" అని మానేయవద్దు. గుణం కనిపించగానే సొంతంగా ఆపేయవద్దు.

*"నిద్రమాత్రలు అలవాటవుతాయి కదా?"* డిప్రెషన్ మందులు వేరు, నిద్రమాత్రలు వేరు. కొన్ని రకాల నిద్రమాత్రలు ఎక్కువకాలం వాడితే అలవాటవుతాయి. కనుక మందుల షాపులో అడిగి సొంతంగా కొనవద్దు. ఎవరికో రాసిన చీటీ మీద తెచ్చుకోవద్దు.

*"కౌన్సెలింగ్ అంటే కబుర్లే కదా?"* కాదు. ఆలోచనలు ఎక్కడ మెలికపడుతున్నాయో గుర్తించి, సమస్యను చిన్న ముక్కలు చేసి పరిష్కరించడం నేర్పే వైద్య పద్ధతి అది. తక్కువ తీవ్రత ఉన్న డిప్రెషన్‌కు, ఆందోళనకు అది ఒక్కటే సరిపోవచ్చు.

*"ఆఫీసులో తెలిస్తే?"* 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులోకి వచ్చింది. రోగి జబ్బు వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యసిబ్బందిపై ఆ చట్టం పెట్టింది. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకు కూడా ఆరోగ్య బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది.

10. ఆలస్యం చేయకూడని సమయం

"నేను పోతే మీరు సుఖపడతారు" అనడం, అప్పులు, కాగితాలు హఠాత్తుగా అప్పజెప్పడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అందరికీ ఫోను చేసి వీడ్కోలులాగా మాట్లాడటం, చాలాకాలం కుంగిపోయి ఉన్న మనిషి ఒక్కసారిగా వింతగా ప్రశాంతంగా మారడం ప్రమాద సూచనలు. అప్పుడు సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. పైగా మోస్తున్న భారం చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది.

అవునంటే, లేదా మీకు అనుమానంగా ఉంటే, ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఇంట్లో నుండి తీసివేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారి తోచకపోతే 14416కు ఫోను చేయండి. ఇది 2022 అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ. రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. కుటుంబ సభ్యులు కూడా చేయవచ్చు. ఎవరైనా ఏదైనా మింగి ఉంటే ముందు 108కి ఫోను చేయండి.

పోలీసు కేసు అవుతుందని భయపడి దాచి, నాటువైద్యం చేయించి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించరాదని, వైద్యం, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని పైన చెప్పిన చట్టం చెబుతోంది. ప్రతి నిమిషమూ విలువైనదే.

11. మీ సంగతి ఏమిటి?

ఈ పుస్తకం చదువుతున్న మీరు కూడా ఎక్కడో పనిచేస్తున్నవారే. సెలవు పెట్టి వచ్చి, వార్డులో కుర్చీలో నిద్రపోతూ, మధ్యమధ్య ఆఫీసు ఫోన్లకు జవాబు చెబుతున్నారేమో. మీకు కూడా నిద్ర కావాలి. అన్నయ్య, వదిన, చెల్లెలు, సంఘంలోని స్నేహితులు వంతులు వేసుకుని రోగి దగ్గర ఉండేలా ఏర్పాటు చేసుకోండి. రోజుకు ఒకసారి ఆసుపత్రి ఆవరణలో పావుగంట నడవండి. మీ ఆఫీసులో నిజం చెప్పి పని పంచమని అడగండి. మోషేకు చెప్పిన మాట మీకు కూడా వర్తిస్తుంది.

మీరే ఒక షాపు గాని, స్కూలు గాని, చిన్న పరిశ్రమ గాని నడుపుతున్నట్లయితే, మీ దగ్గర పనిచేసేవారు కూడా ఒక ఇంటి మనుషులే. పదిమందిలో తిట్టవద్దు. జీతం చెప్పిన తేదీకి ఇవ్వండి. భోజనానికి కూర్చునే చోటు, మరుగుదొడ్డి, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వండి. బాగా చేసిన పనిని ఆ రోజే మెచ్చుకోండి. ఇవి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న మందులు.

ఇంటికి వెళ్లి ఆలోచించండి

1. గత నెలరోజుల్లో మా ఇంట్లో ఎవరి నిద్ర, ఆకలి, మాట మారాయి?
2. వారు ఇంటికి రాగానే నేను మొదట అడిగేది ఏమిటి?
3. ఈ వారం వారి భారంలో నేను తీసుకోగల ఒక్క చిన్న పని ఏది?
4. మా ఇంట్లో 14416 నంబరు అందరికీ కనబడేచోట రాసి ఉందా?

ఏ మతంవారైనా, ఏ ఉద్యోగంవారైనా, ఈ విషయమై మా డాక్టరుతో గాని, నర్సుతో గాని, చాప్లిన్‌గారితో గాని మాట్లాడటానికి సంకోచించవద్దు. రౌండ్స్‌లో అడగడం ఇబ్బందిగా ఉంటే చీటీ మీద రాసి ఇచ్చినా చాలు.

*ప్రార్థన:* ప్రేమగల తండ్రీ, పనిచేయడానికి పగటిని, విశ్రమించడానికి రాత్రిని ఇచ్చినందుకు వందనములు. అలసిపోయి ఇంటికి వచ్చేవారిని గుర్తించే కళ్లు, తొందరపడి మాట్లాడని నోరు, భారం పంచుకునే చేతులు మాకు దయచేయుము. వైద్యుల చేతులను ఆశీర్వదించుము. ఆమేన్.